తమిళదేశమున తెలుగు త్యాగరాజులు

చెన్నపురికి పోయిన ఆంధ్రులలో త్యాగరాయనగరమును చూడనివారు అరుదు. జనులు దానిని క్లుప్తముగ టీ నగరు అందురు. ఆ పేటలోని జీ. ఎన్. శెట్టి రోడ్డుపై వాణీమహలు అను సభాభవనము కలదు. అది శ్రీ త్యాగబ్రహ్మ గానసభకు నిలయము. ఈ సభను 1945లో స్థాపించినవాడు చలనచిత్ర నటుడు చిత్తూరు నాగయ్య. మరుసటి యేట విడుదలయైన ‘త్యాగయ్య’ చిత్రమునకు దర్శకత్వము వహించి, అందు గాయకుని పాత్ర ధరించినవాడును ఆయనయే. పేట పేరున త్యాగరాయ శబ్దము, సభ పేరున త్యాగబ్రహ్మ శబ్దము ఒక్కచోటనే యుండుటచే, ఆ పేట యంతయు గాయకుని పేరనే వెలసినదని తలంచువారు నేటికిని కలరు. అది పొరపాటు. సభ పేరు కాకర్ల త్యాగరాజుది. పేట పేరు పిట్టి త్యాగరాయ శెట్టిది.

మొదటివాడు కావేరీ తీరమున రామభక్తితో కృతులు రచించి పాడిన వాగ్గేయకారుడు. రెండవవాడు చెన్నపట్టణమున మగ్గములు నడపి, నగరపాలక సంఘమున పనిచేసి, ఒక గొప్ప రాజకీయ పక్షమునకు నాయకుడైనవాడు. ఇరువురి యిండ్లలోను మాటలాడిన భాష తెలుగు. ఇరువురు నివసించినది తమిళదేశము. ఇరువురి పేరు ఒక్క దైవముది. అయినను వారి వృత్తులు వేరు, కులములు వేరు, కాలములు వేరు, వారు ఎదుర్కొనిన సమస్యలు వేరు. ఇట్టి సమాననామధేయుల చరిత్రను విడదీసి పరిశీలించినచో, తమిళదేశమున శతాబ్దులుగా స్థిరపడిన తెలుగువారి జీవితము ఎన్ని పాయలుగా ప్రవహించినదో తెలియగలదు.

నామమూలము

త్యాగరాజ నామము తిరువారూరు క్షేత్రమున వెలసిన శివునిది. అచ్చట స్వామి ఉమాస్కంద సహితుడై సోమాస్కందమూర్తిగా కొలువుదీరియున్నాడు. చోళమండలమున త్యాగరాజమూర్తి యున్న ఏడు క్షేత్రములను సప్తవిటంక క్షేత్రములందురు. వానిలో తిరువారూరు ప్రధానము. ఇవి గాక చెన్నపట్టణమునకు ఉత్తరమున సముద్రతీరమునందున్న తిరువొత్తియూరులోను త్యాగరాజస్వామి ఆలయము కలదు.

తంజావూరి నాయకరాజుల పాలన 1532 మొదలు 1673 వరకు సాగినది. ఆ కాలమున తెలుగు ఆ సీమకు రాజభాషయు కావ్యభాషయునై వర్ధిల్లెను. పిమ్మట రాజ్యమునకు వచ్చిన మహారాష్ట్ర ప్రభువులును తెలుగును విడనాడలేదు. వారిలో 1684 మొదలు 1712 వరకు పాలించిన శహాజీ, తిరువారూరి త్యాగేశుని పల్లకిసేవను వస్తువుగా గొని తెలుగున ఒక గేయప్రబంధమునే రచించెను. తమిళదేశపు దేవుడు, మహారాష్ట్రుడైన రాజు, తెలుగు పాట - ఈ మూడును ఒక్క ఆలయమున కలిసికొనినవి.

తెలుగు కుటుంబములు ఇట్టి వాతావరణమున తమ బిడ్డలకు త్యాగరాజ నామము నిడుటలో వింతలేదు. వలసవచ్చినవారు వెంట తెచ్చుకొన్నది ఇంటిపేరు. వచ్చినచోట స్వీకరించినది ఊరి దేవుని పేరు. ఇంటిపేరు విడిచివచ్చిన గ్రామమును జ్ఞప్తికి దెచ్చును. వ్యక్తినామము స్థిరపడిన సీమను చాటును. ‘కాకర్ల త్యాగరాజు’ అను రెండు మాటలలో ఒక వలస చరిత్ర యంతయు ఇమిడియున్నది.

కాకర్ల త్యాగరాజు

కాకర్ల వారు ములకినాటి తెలుగు బ్రాహ్మణులు. కాకర్ల యనునది కంభము ప్రాంతపు గ్రామనామము. కాకర్ల రామబ్రహ్మము, సీతమ్మ దంపతులకు 1767 మే 4వ తేదీన తిరువారూరులో జన్మించిన శిశువునకు స్థలదైవము పేరు పెట్టిరి. సంగీతత్రయములో మిగిలినవారగు శ్యామశాస్త్రియు, ముత్తుస్వామి దీక్షితులును అదే తిరువారూరున జన్మించినవారే.

బాల్యముననే కుటుంబము తిరువైయారు చేరినది. అచ్చట త్యాగరాజు శొంఠి వేంకటరమణయ్య వద్ద సంగీతము అభ్యసించెను. గురువు తంజావూరి ఆస్థానమున గౌరవము పొందిన వంశమువాడు. శిష్యుడు కోరియుండినచో ఆ ద్వారము తెరచియే యుండెడిది. కాని ఆయన ఉంఛవృత్తిని అవలంబించి, వీధులలో రామనామము పాడుచు లభించిన బియ్యముతో సంసారమును, శిష్యులను పోషించెను. శరభోజి మహారాజు ఆస్థానమునకు పిలిపింపగా ఆయన నిరాకరించెననియు, ఆ సందర్భమున కల్యాణి రాగమున ఒక కృతి వెలువడెననియు శిష్యపరంపర చెప్పుచు వచ్చినది. ఆయన రాజాస్థానమును ఆశ్రయింపక జీవించుట మాత్రము ఆయన చరితముననే స్పష్టముగ నున్నది.

నేడు లభించు ఆయన కృతులు సుమారు 700. వానిలో అత్యధికము తెలుగు, కొన్ని సంస్కృతము. ‘ప్రహ్లాద భక్తి విజయము’, ‘నౌకా చరిత్రము’ అను గేయనాటకములు తెలుగుననే రచింపబడినవి. ఆయన వాడిన తెలుగు చాలవరకు తంజావూరి ఇండ్లలో పలికిన తెలుగు. నన్నయ నాటి కావ్యభాషకు దూరముగ, నోటిమాటకు దగ్గరగ నుండును. 1847 జనవరి 6వ తేదీన, పుష్యబహుళ పంచమినాడు, అంతకు కొలది దినములకు ముందు సన్న్యాసము స్వీకరించి ఆయన సిద్ధి పొందెను.

ఆయన పాటలను కాపాడినవారందరు తెలుగువారే యని తలంపరాదు. వాలాజాపేట వేంకటరమణ భాగవతులు సౌరాష్ట్ర కులమువాడు. ఆయనయు, ఆయన కుమారుడును వ్రాసియుంచిన వ్రాతప్రతులే పెక్కు కృతులకు ఆధారమైనవి. తిరువైయారులో గురుసమాధికి మందిరము కట్టించినది బెంగుళూరు నాగరత్నమ్మ. ఆమె మైసూరు సీమలోని నంజనగూడులో 1878లో జన్మించి చెన్నపట్టణమున స్థిరపడినది. తన ఆస్తిని వెచ్చించి, 1921లో ఆ పనికి పూనుకొని, 1925లో ప్రతిష్ఠ జరిపించెను. ఆరాధనలో స్త్రీలకు పాడుటకు అవకాశము లేని ఆ దినములలో, స్త్రీల కొరకు వేరొక ఉత్సవమును నడపినదియు ఆమెయే. ఆమె ముద్దుపళని కావ్యమగు ‘రాధికా సాంత్వనము’ను 1910లో పరిష్కరించి ప్రకటించిన విదుషీమణి యనియు తెలుగువారు మరువరాదు.

తిరువొత్తియూరు త్యాగయ్య

ఈ రెండు పేర్ల నడుమ మూడవ త్యాగరాజు ఒకడు కలడు. త్యాగరాజస్వామి 1839 ప్రాంతమున కంచి, తిరుపతి యాత్ర చేయుచు చెన్నపట్టణమునకును, కోవూరునకును, తిరువొత్తియూరునకును వచ్చెను. తిరువొత్తియూరులో తన శిష్యుడగు వీణ కుప్పయ్యరు ఇంట బసచేసి, అచ్చటి త్రిపురసుందరీ దేవిపై ఐదు కృతులు రచించెను. వానినే తిరువొత్తియూరు పంచరత్నములందురు. 1845లో కుప్పయ్యరునకు కుమారుడు కలుగగా ఆ బిడ్డకు త్యాగయ్య యని పేరుపెట్టెను. గురువునకును ఊరి దేవునకును గల నామమొక్కటియే యగుటచే, ఆ పేరు ఇరువురిని ఒక్కసారిగ స్మరింపజేయునది.

ఈ త్యాగయ్య వర్ణములు, కృతులు రచించి, 1900లో ‘పల్లవి స్వర కల్పవల్లి’ యను గ్రంథమును ప్రకటించెను. తన తండ్రి రచనలును అందు చేర్చి కాపాడెను. ఆయన 1917లో మరణించెను. దర్బారు, శహాన రాగములలోని ఆయన వర్ణములు నేటికిని విద్యార్థులకు నిత్యపాఠములు. వర్ణములను వల్లించు పిల్లలలో కొందరు వానిని తిరువైయారు త్యాగరాజునివే యనుకొందురు. వృత్తి యొక్కటియై, నామము ఒక్కటియైనపుడు చిన్న పేరు పెద్ద పేరున మునిగిపోవుట సహజము. కావుననే ఊరి పేరును ముందుంచి ‘తిరువొత్తియూరు త్యాగయ్య’ యని సంగీతజ్ఞులు వ్యవహరింతురు.

పిట్టి త్యాగరాయ శెట్టి

1639లో ఆంగ్లేయులు చెన్నపట్టణమున కోట స్థాపించిన పిదప, వారి వర్తకమునకు ప్రధానమైన సరకు వస్త్రము. దానికై నేతగాండ్రను రప్పించి పేటలు కట్టించిరి. తిరువొత్తియూరునకు చేరువనున్న కాలడిపేట, జోసెఫ్ కాలెట్ అను గవర్నరు పేర వెలసిన నేతగాండ్ర పేట. చింతాద్రిపేటయు 1734లో అట్టి ప్రయోజనమునకే ఏర్పడెను. ఇట్లు నగరమున, ముఖ్యముగ దాని ఉత్తరభాగమున, మగ్గముల చప్పుడు తరతరములుగ వినవచ్చెను. ఆ మగ్గములపై పనిచేసినవారిలో తెలుగు దేవాంగులును కలరు.

అట్టి తెలుగు దేవాంగ కుటుంబమున 1852 ఏప్రిలు 27వ తేదీన పిట్టి త్యాగరాయ శెట్టి జన్మించెను. ప్రెసిడెన్సీ కళాశాలలో పట్టభద్రుడైనను ప్రభుత్వోద్యోగమునకు పోక, కులవృత్తినే పెద్దయెత్తున చేపట్టెను. సాధారణపు గుంటమగ్గముపై నేతగాడు నాడెను చేతితో ఒక ప్రక్క నుండి మరియొక ప్రక్కకు విసరవలెను; అందువలన గుడ్డ వెడల్పునకును పనివేగమునకును హద్దు ఏర్పడును. తాడు లాగినంతనే నాడె తనంతట పరుగెత్తు క్రొత్త మగ్గములను ఆయన తన నేతశాలలో ప్రవేశపెట్టి, మిల్లుగుడ్డల పోటీకి చేనేత నిలువగలదని చూపుటకు యత్నించెను. 1909లో స్థాపితమైన దక్షిణ భారత వర్తక సంఘమునకు అధ్యక్షుడుగ పెక్కేండ్లు పనిచేసెను.

1882 మొదలు దాదాపు నలువది యేండ్లు ఆయన చెన్నపురి కార్పొరేషను సభ్యుడు. తుదకు దాని అధ్యక్షుడు. 1920లో థౌజండ్ లైట్సు ప్రాంతపు కార్పొరేషను బడిలోని పిల్లలకు, ఒక్కొక్కరికి దినమునకు ఒక అణాకు మించని ఖర్చుతో, పగటి ఆహారము పెట్టవలెనని ఆ సభ తీర్మానించెను. పేదపిల్లలు ఆకలిచే బడి మానుచుండుటయే దానికి కారణము. పిమ్మట తమిళనాట విస్తరించిన మధ్యాహ్న భోజన పథకమునకు ఇది తొలిమెట్టుగ చరిత్రకారులు పేర్కొందురు.

1916 నవంబరు 20వ తేదీన ఆయనయు, డాక్టరు టి. ఎం. నాయరును, మరికొందరు నాయకులును చెన్నపట్టణమున సమావేశమై బ్రాహ్మణేతరుల రాజకీయోద్యమమునకు పునాది వైచిరి. మరుసటి నెలలో త్యాగరాయ శెట్టి పేర ‘బ్రాహ్మణేతర ప్రకటన’ వెలువడెను. ఉద్యోగములలోను, ప్రాతినిధ్యములలోను ఏ వర్గమువారెందరో అది లెక్కలతో చూపెను. ఆ పక్షమునకు మూడు భాషలలో పత్రికలుండెను: ఆంగ్లమున ‘జస్టిస్’, తమిళమున ‘ద్రావిడన్’, తెలుగున ‘ఆంధ్ర ప్రకాశిక’. ఆంగ్లపత్రిక పేరే పక్షమునకును వాడుకపేరై, జస్టిసు పార్టీ యని ప్రసిద్ధి కెక్కెను.

1920లో ద్వంద్వ ప్రభుత్వ విధానమున ఎన్నికలు జరిగినవి. కాంగ్రెసు వానిని బహిష్కరించెను. జస్టిసు పార్టీ అధికసంఖ్యాకమై గెలువగా, గవర్నరు విల్లింగ్డను ప్రభువు మంత్రివర్గము నేర్పరచుమని త్యాగరాయ శెట్టిని ఆహ్వానించెను. ఆయన ఆ పదవిని స్వీకరింపలేదు. పార్టీ నాయకత్వమున మాత్రము నిలిచి, ప్రథమమంత్రి పదవిని 1920 డిసెంబరులో ఎ. సుబ్బరాయలు రెడ్డియారునకు విడిచెను. ఆయన అనారోగ్యముచే తొలగగా, 1921 జూలైలో పానగల్లు రాజా, అనగా పానగంటి రామరాయణింగారు, ఆ పదవికి వచ్చెను. త్యాగరాయ శెట్టి 1925లో మరణించెను. పూర్వము పెద్ద చెరువున్న భూమిని పూడ్చి అప్పుడే నిర్మించుచుండిన క్రొత్త పేటకు ఆయన పేరు పెట్టిరి. దాని నడుమనున్న ఉద్యానమునకు పానగల్లు రాజా పేరు, వీథులకు ఉస్మాను, నాయరు మున్నగువారి పేర్లు వచ్చినవి. ఆ పేట పటమును చదివిన జస్టిసు పార్టీ చరిత్రను చదివినట్లే యుండును.

సామ్యములు, భేదములు

పేరులోని త్యాగ శబ్దము ఇరువురి జీవితములకును అన్వయించుట విశేషము. ఒకడు రాజాస్థానమును వలదనెను. ఒకడు ప్రథమమంత్రి పదవిని వలదనెను. అయితే ఈ రెండు నిరాకరణములను ఒక్కటిగ తలంపరాదు. గాయకుడు అధికారమునకే దూరముగ నుండగోరెను. మానవుని ఆశ్రయించుట భక్తికి భంగమని ఆయన విశ్వాసము. నాయకుడు అధికారమును నిరాకరింపలేదు. తన పక్షము దానిని చేపట్టవలెనని పోరాడి, తనకు మాత్రము కోరుకొనలేదు. మొదటిది భక్తుని వైరాగ్యము. రెండవది రాజకీయవేత్త నిగ్రహము.

ఇంతకంటె కఠినమైన భేదము మరియొకటి కలదు. గాయకుడు పుట్టిన వర్ణమునకు సమాజమున గల ఆధిక్యమునే నాయకుడు ప్రశ్నించెను. ‘ఇరువురును మనవారే’ యని ఒక్క వాక్యమున గర్వించుట సులభము. కాని తమిళదేశపు తెలుగువారు ఏకజాతిగ, ఏకాభిప్రాయముతో నుండలేదు. వారిలో అగ్రహారములవారు కలరు, మగ్గములవారు కలరు, సేద్యగాండ్రు, వర్తకులు, సైనికవంశములవారు కలరు. ఒక వర్గమువారు సంపాదించిన కీర్తిని మాత్రమే చెప్పి మరియొక వర్గము అడిగిన న్యాయమును దాచినచో అది సగము చరిత్రయగును. త్యాగరాజు పాటను ప్రేమించుటకు త్యాగరాయని ప్రశ్నను మరువనక్కరలేదు. త్యాగరాయని గౌరవించుటకు పాటను తక్కువచేయనక్కరలేదు.

వారి కీర్తులకు పట్టిన గతులును వేరు. గాయకుని తెలుగుతనమును ఎవరును మరువలేదు. ఆయన పాట నోట నున్నంతకాలము అది మరుగుపడదు. అయితే ఆ తెలుగే తరువాత ఒక వివాదమునకు కారణమయ్యెను. రాజా అన్నామలై చెట్టియారు ప్రోత్సాహమున 1941లో అన్నామలై విశ్వవిద్యాలయమున ఆరంభమై, 1943లో తమిళిసై సంఘముగ రూపొందిన ఉద్యమము, తమిళుల సభలలో తమిళ గీతములకు తగిన స్థానము కావలెనని కోరెను. తమ భాషలో పాట వినగోరుట ఏ ప్రజలకైనను న్యాయమే. ఆ ఉద్యమము వలన తమిళ గీతములు సభలలో హెచ్చినవి, త్యాగరాజకృతులును నిలిచినవి.

నాయకుని విషయమున ఇందుకు విపరీతము జరిగినది. ఆయన స్థాపించిన పక్షమే 1944లో సేలము మహాసభలో ద్రావిడ కళగమను పేరు దాల్చెను. ఆ పరంపరవారు ఆయనను ఆద్యులలో ఒకనిగ నేటికిని స్మరింతురు. కాని ఆయన తెలుగువాడను సంగతి తెలిసినవారు తగ్గిపోయిరి. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్ర మేర్పడి, చెన్నపట్టణము మదరాసు రాష్ట్రముననే నిలిచిన పిదప, ఆంధ్రదేశమువారును ఆయనను తమవానిగ తలచుట మానిరి. పెక్కుమంది తెలుగు సినిమావారు నివసించిన పేటకే ఆయన పేరున్నను, ఆ పేరు ఒక్క ఆంగ్లాక్షరముగ కుదించుకొనిపోయినది.

ఇంటిపేర్ల ప్రయోజనము

ఈ తారుమారులకు కారణమేమి? ఆంధ్రదేశమున ఇంటిపేరు ముందు, వ్యక్తినామము వెనుక వచ్చును. కాకర్ల, పిట్టి యని చెప్పినంతనే మనుష్యుడెవడో తెలియును. తమిళదేశపు సంప్రదాయమున ఇంటిపేరునకు స్థానము లేదు. ఊరి పేరో, తండ్రి పేరో పొడి అక్షరముగ ముందుండును. అచ్చట స్థిరపడిన తెలుగువారును ఆ పద్ధతినే అనుసరించుటచే, పిట్టి అను ఇంటిపేరు ‘పి.’ యను అక్షరమైనది. చదువరి దానిని తండ్రి పేరుగనో, ఊరి పేరుగనో భావించును.

దీని ఫలితముగ మరికొన్ని భ్రమలును కలుగుచున్నవి. మదురలో వస్త్రపు మిల్లులు, కళాశాలలు స్థాపించిన కరుముత్తు త్యాగరాజ చెట్టియారు 1893 మొదలు 1974 వరకు జీవించిన తమిళుడు, నాట్టుకోట్టై చెట్టి వంశమువాడు. మదుర త్యాగరాజర్ కళాశాల ఆయనది. చెన్నపురి చాకలిపేటలోని సర్ త్యాగరాయ కళాశాల పిట్టి వారి పేర వెలసినది. ఇరువురును వస్త్రపరిశ్రమవారు, ఇరువురి పేరను కళాశాలలు కలవు, ఇరువురి పేరు చివరను చెట్టి శబ్దము కలదు. తమిళ చలనచిత్రములలో గాయకనటుడుగ ప్రఖ్యాతి గాంచిన ఎం. కె. త్యాగరాజ భాగవతారును తమిళుడే. పేరు ఒక్కటియైనంతమాత్రమున వీరిని తెలుగువారిగ లెక్కించుట తగదు. పేరు తమిళక్షేత్రముది యైనంతమాత్రమున కాకర్ల, పిట్టి వారిని విడుచుటయు తగదు.

కావున ఒక వ్యక్తిని నిర్ణయించునపుడు నాలుగు గుర్తులను పరిశీలింపవలెను: ఇంటిపేరు, నివసించిన ఊరు, చేసిన వృత్తి, ఇంట మాటలాడిన భాష. త్యాగరాజ నామమునకు చెప్పిన యీ మాట ఇతర నామములకును చెల్లును. తమిళనాటను, కన్నడసీమను, ఒడిస్సాలోను, మహారాష్ట్రమునను, యానామునను నివసించు తెలుగు కుటుంబములు ఆయా సీమల పేర్లను స్వీకరించియున్నవి. అది వారి ఔదార్యమునకు చిహ్నము. కాని వారి యిండ్లలోని వృద్ధులకు నేటికిని ఇంటిపేరు, గోత్రము, పూర్వీకుల గ్రామము, తొలి వృత్తి జ్ఞప్తిలో నున్నవి. పెండ్లిపత్రికలు, దస్తావేజులు, దేవాలయపు దానపత్రములు, మగ్గములవారి పద్దుపుస్తకములు కొన్ని యిండ్లలో మిగిలియున్నవి. ప్రతి తెలుగు సంఘమును తన సభ్యుల పట్టికలో పొడి అక్షరములకు మారుగ ఇంటిపేరును పూర్తిగ వ్రాయించి, దాని ప్రక్క ఆ గ్రామనామమును, పూర్వీకుల వృత్తిని చేర్చించినచో, ముందు రాబోవు చరిత్రకారునకు అదియే మొదటి ఆధారము కాగలదు.